యాంటీబయాటిక్స్ తర్వాత కడుపు ఉబ్బరం, ఉబ్బసం దగ్గు: మీ ప్రశ్నకు సమాధానం

రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాక కడుపు ఉబ్బరం, ఉబ్బసం దగ్గు రెండూ పెరిగాయి, ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉండే మాత్ర లేదా పొడి) మొదలుపెట్టి ఇన్‌హేలర్ మానేయొచ్చా అని అడిగారు. దయచేసి ఇన్‌హేలర్ మానకండి. ముందు ఆ మాట.

పేగుకూ ఊపిరితిత్తులకూ సంబంధం ఉందేమోనన్న మీ అనుమానం మాత్రం వట్టిది కాదు. ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులే ఉండవని చాలాకాలం నమ్మారు. ఉంటాయి, పేగులకన్నా చాలా తక్కువగా. ప్రివొటెల్లా, వీలొనెల్లా లాంటి బ్యాక్టీరియా నోటి నుంచి, మనకు తెలియకుండా లోపలికి జారే లాలాజలంతో దిగుతాయి. దగ్గుతో బయటికి పోతాయి.

పేగుతో లంకె ఇంకో దారిలో ఉంది. పీచును పేగు బ్యాక్టీరియా పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. ఇవి రక్తంలో కలిసి రోగనిరోధక కణాల తీరును మారుస్తాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, పీచు ఎక్కువ తిన్న ఎలుకలకు ఊపిరితిత్తుల్లో అలర్జీ వాపు తగ్గింది. యాంటీబయాటిక్ ఆ మేలుచేసే బ్యాక్టీరియానూ చంపుతుంది. అయినా ఎలుకల్లో కనబడిందంతా మనుషుల్లో రుజువైనట్టు కాదు, ప్రోబయాటిక్ ఉబ్బసానికి మందూ కాదు.

పీచు కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది. పడుకున్నాక దగ్గు, గుండెల్లో మంట ఉంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో డాక్టరుగారిని అడగండి, చాలామంది దాన్నీ ఉబ్బసం దగ్గే అనుకుని పొరబడతారు. నీళ్ల విరేచనాలు, జ్వరం మొదలైతే మాత్రం ఆగకుండా వెళ్లండి.