చలికి గుర్రానికి ఉలవలా, గడ్డా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చిత్తూరు. ఇరవై ఏళ్లుగా బెంగళూరు యలహంకలో ఉంటున్నాం. దేవనహళ్లి దగ్గర మా తోటలో పంతొమ్మిదేళ్ల ఆడగుర్రం ఉంది. సుమారు 400 కిలోలుంటుంది. డిసెంబరు వచ్చిందంటే చిక్కిపోతోంది. ఉలవలు ఒంటికి వేడి, రెట్టింపు పెడదామంటాడు సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి). గడ్డి ఏది కొనాలో కూడా తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: అమ్మా, ఉలవలు పెంచకండి, గడ్డి పెంచండి. గుర్రానికి కుంపటి పెద్దపేగులోనే ఉంది. గడ్డిలోని పీచు అక్కడ గంటల తరబడి పులుస్తూ వేడి పుట్టిస్తుంది. గింజలతో అంత వేడి రాదు. పైగా ఉన్నట్టుండి పెంచితే కడుపునొప్పి రావచ్చు.

ఒంటి మీద బొచ్చు పొడిగా ఉంటే మన బెంగళూరు చలి గుర్రానికి ఒక లెక్క కాదు. వానకు తడిసి, ఆపైన గాలి కొడితేనే కష్టం. షెడ్డుకు గాలి వచ్చే వైపు తడిక కట్టించండి.

మీ గుర్రానికి రోజుకు 8 కిలోల ఎండుగడ్డి కావాలి. చలి ఎక్కువున్న రోజుల్లో ఇంకో కిలో వేయండి, అదీ రాత్రిపూట. ఎక్కువ భాగం ఓట్స్ గడ్డి ఉండాలి. లూసర్న్ (పప్పుజాతి మేత) కిలో, కిలోన్నర కలిపితే చిక్కిన ఒంటికి మాంసకృత్తులు అందుతాయి. వరిగడ్డిలో బలం తక్కువ, దాని మీదే ఆధారపడకండి. జొన్న చొప్ప చవగ్గా దొరికినా వద్దు. ముఖ్యంగా పచ్చిది మేసిన గుర్రాలకు మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తడబడవచ్చు. ఏ కొత్త గడ్డయినా పది రోజుల్లో మెల్లగా మార్చండి.

కొనేముందు ఒక కట్ట విప్పించి నడిమి గడ్డి తీసి వాసన చూడండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తుఫాను వానల తర్వాత చవగ్గా వచ్చిందని ఒక లోడు దించుకున్నాను. పైకి బాగానే ఉంది, లోపల తెల్లటి బూజు. దులిపి పెట్టించాను. వారంలోపే రెండు గుర్రాలకు దగ్గు పట్టుకుంది. ఒకదానికి ఆ ఆయాసం చివరిదాకా పోలేదు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి చెయ్యి పెట్టి చూడకుండా గడ్డి కొనలేదు. మంచి గడ్డి లేతాకుపచ్చగా, ఆకు ఎక్కువగా ఉంటుంది. కాడలు పుల్లల్లా గుచ్చుకుంటే ముదిరాక కోసినట్టే.

అన్నిటికంటే ముందు పళ్లు చూపించండమ్మా. ఈ వయసులో చిక్కిపోవడానికి చలి కంటే పళ్లే ఎక్కువగా కారణమవుతాయి. నమిలిన గడ్డిని ఉండలుగా బయట పడేస్తోందేమో తొట్టి కింద వెతకమని సైసుకు చెప్పండి. అలా ఉంటే గడ్డిని సన్నగా కత్తిరించి, నీళ్లు చల్లి పెట్టాలి. చల్లటి నీళ్లు తక్కువ తాగుతుంది, పేగులో మేత గట్టిపడుతుంది. కాబట్టి పొద్దున, రాత్రి గోరువెచ్చటి నీళ్లివ్వండి. చలికాలపు బొచ్చు కింద చిక్కినది కంటికి కనబడదు. వారానికోసారి డొక్క మీద చెయ్యి వేసి ఎముకలు తడిమి చూసి, నెలకు నాకు మళ్లీ రాయండి.