పాఠకుల ప్రశ్నలు: నియాసిన్ మాత్ర వేసుకుంటే ఒళ్ళెందుకు మండుతుంది?

ప్రశ్న: కొలెస్టరాల్ తగ్గుతుందని ఎవరో చెబితే 500 మిల్లీగ్రాముల నియాసిన్ మాత్ర తెచ్చుకుని పరగడుపున వేసుకున్నాను. పావుగంటలో మొహం, చెవులు, ఛాతీ ఎర్రబడి ఒకటే మంట, దురద. గంటకు తగ్గింది. ఎలర్జీయా అండీ?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఎలర్జీ కాదు. (పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఎలర్జీగానే భావించి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.) నియాసిన్ అంటే బీ3 విటమిన్. మీరు వేసుకున్నది దాని ఒక రూపమైన నికోటినిక్ ఆమ్లం అయి ఉంటుంది. అది చర్మంలోని కణాల చేత ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే పదార్థాన్ని విడుదల చేయిస్తుంది. దాంతో సన్నటి రక్తనాళాలు ఒక్కసారిగా వెడల్పై చర్మం ఎర్రబడుతుంది. కొందరికి 30 నుంచి 50 మిల్లీగ్రాములకే ఇలా అవుతుంది. ఖాళీ కడుపు, వేడి పానీయాలు, మద్యం దీన్ని ఇంకా పెంచుతాయి.

ఇదే విటమిన్‌కు నికోటినమైడ్ అనే రెండో రూపం ఉంది. దానితో ఈ మంట రాదు, కానీ కొలెస్టరాల్ కూడా తగ్గదు. ‘మంట రాని’, నెమ్మదిగా కరిగే నియాసిన్ మాత్రలకు మాత్రం సొంతంగా మారకండి. వాటిలో కొన్ని పెద్ద మోతాదులో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. వికారం, ముదురు రంగు మూత్రం, కళ్ళు పచ్చబడడం దానికి గుర్తులు.

పెద్దలకు రోజుకు కావలసింది మగవాళ్ళకు 16, ఆడవాళ్ళకు 14 మిల్లీగ్రాములు. కొలెస్టరాల్ కోసం వాడింది 1 నుంచి 3 గ్రాములు, అంటే అది పోషకం కాదు, మందు. 2014లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) వాడుతున్న 25,000 మందికి పైగా పాల్గొన్నారు. నెమ్మదిగా కరిగే నియాసిన్‌ను, మంట తగ్గించే మరో మందును కలిపి ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా మధుమేహం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు పెరిగాయి. యూరిక్ ఆమ్లం కూడా పెరుగుతుంది కాబట్టి గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. డాక్టర్ రాయని పక్షంలో ఆ సీసా పక్కన పెట్టేయండి.

ప్రశ్న: మొక్కజొన్నలో నియాసిన్ ఉందని పట్టికల్లో రాశారు. మరి మొక్కజొన్నే తిని బతికినవాళ్ళకు నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు ఎందుకొచ్చింది?

జవాబు: గింజలో నియాసిన్ ఉన్నా, ఎక్కువ భాగం పిండిపదార్థాలకు అతుక్కుని ఉంటుంది. ప్రయోగశాలలో రసాయనాలతో విడగొట్టి కొలిచిన అంకె పట్టికకెక్కుతుంది, మన పేగు మాత్రం దాన్ని విడగొట్టలేదు. దీనికి తోడు, ఒంట్లో నియాసిన్‌గా మారే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా మొక్కజొన్న మాంసకృత్తుల్లో తక్కువ.

మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు గింజను సున్నపు నీళ్ళలో ఉడికించి తినేవారు. దాంతో అతుక్కున్న నియాసిన్ విడివడి ఒంటికి పట్టేది. గింజ ఐరోపాకు వెళ్ళింది, ఆ పద్ధతి వెళ్ళలేదు. 1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించాడు. మెడ చుట్టూ హారంలా వచ్చే మచ్చకు ఇప్పటికీ ఆయన పేరే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1914 నుంచి పనిచేసిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఇది అంటువ్యాధి కాదని, తిండిలో లోపమని చూపించాడు. ఆ లోపం నికోటినిక్ ఆమ్లానిదని 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ కుక్కల మీద చేసిన ప్రయోగంతో తేలింది.

ఇంట్లో చేసుకోవాలంటే కిలో ఎండు గింజలకు 3 లీటర్ల నీళ్ళు, 10 గ్రాముల తినదగిన సున్నం పొడి (నీళ్ళతో చల్లార్చిన సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్) చాలు. సన్నటి సెగ మీద అరగంట నుంచి గంట ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు ఊడేలా రుద్దుతూ రెండు మూడుసార్లు కడగాలి. వేలితో నలిపితే పొట్టు జిగురుగా జారిపోవాలి. సున్నం ఎక్కువైనా, సరిగ్గా కడగకపోయినా సబ్బు రుచి వస్తుంది. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. సున్నం పొడిని చేత్తో ముట్టుకోకండి, కళ్ళలో పడనివ్వకండి.

ప్రశ్న: పాలు, గుడ్లలో నియాసిన్ దాదాపు లేదట. అవి తినీ లాభం లేనట్టేనా?

జవాబు: లాభం ఉంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒంట్లో సుమారు 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది. ఒక గుడ్డులో దాదాపు 80 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఉంటుంది. నేరుగా కావాలంటే కోడిమాంసం, చేపలు, వేరుశనగ మంచివి. పచ్చి వేరుశనగ 100 గ్రాముల్లో సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారడానికి బీ6, బీ2 విటమిన్లు, ఇనుము కావాలి.

ప్రశ్న: మా నాన్నగారు క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్నారు. ముంజేతుల మీద నల్లటి పొలుసులు లేచాయి, విరేచనాలు కూడా అవుతున్నాయి. సంబంధం ఉందా?

జవాబు: ఉండవచ్చు, ఈ వారమే డాక్టర్‌కు చూపించండి. ఐసోనియాజిడ్ బీ6ను తగ్గిస్తుంది, దాంతో పైన చెప్పిన మార్పిడి కుంటుపడుతుంది. ఆయన చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పెల్లాగ్రా అయితే రెండిటి మీదా ఒకేలా, ఎండ తగిలినంత మేరే ఉండి, చొక్కా చేయి అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. నాలుక ఎర్రగా నున్నగా ఉందా, మతిమరుపు, తికమక ఉన్నాయా గమనించి చెప్పండి. క్షయ మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

పెల్లాగ్రా అని తేలితే సాధారణంగా రోజుకు 300 మిల్లీగ్రాముల నికోటినమైడ్‌ను విడివిడి మోతాదుల్లో మూడు నాలుగు వారాలు, బీ కాంప్లెక్స్‌తో కలిపి ఇస్తారు. మంట రాదు కాబట్టే ఆ రూపాన్ని ఎంచుకుంటారు. నాలుక, విరేచనాలు కొద్ది రోజుల్లోనే నెమ్మదిస్తాయి, చర్మానికి వారాలు పడుతుంది. అంతవరకు ఎండ తగలనివ్వకండి. వదిలేస్తే ప్రాణం మీదకు వస్తుంది. మద్యం అలవాటుంటే అదీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: వండితే నియాసిన్ పోతుందా?

జవాబు: వేడికి, వెలుతురుకు అంతగా చెడదు. నీళ్ళలోకి మాత్రం దిగిపోతుంది, ఉడికించిన నీళ్ళు పారబోస్తే దానితో పాటే పోతుంది.