షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది?

చిరంజీవి సుధకి మామయ్య ఆశీస్సులు.

ఢిల్లీలో విపత్తుల ప్రణాళికలు చూసే విభాగంలో చేరావని అక్క ఫోన్ చేసి చెప్పింది. మొదటి వారమే నీ బల్ల మీద లావుపాటి పుస్తకాలు పెట్టి చదవమన్నారట. చదువు. 2005 విపత్తుల నిర్వహణ చట్టం, 2016లో వచ్చిన జాతీయ ప్రణాళిక, 2019లో దాన్ని సవరించి రాసిన ప్రతి, 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో విపత్తుల ముప్పు తగ్గించుకుందామని దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న పత్రం, ఇవన్నీ చదవాల్సినవే. సముద్రం పక్కన ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసినవాణ్ణి కాబట్టి, అవి కింద ఊళ్లోకి వచ్చేసరికి ఏమవుతాయో నేను చెప్తాను.

ముందు నా తప్పు వినేయ్. మండలం ప్రణాళిక ఏటా కొత్తగా రాయాలి. తహసీల్దారుగా వెళ్లిన మొదటి ఏడు నేను పాత ఫైలు తీయించి, సంవత్సరం మార్పించి, సంతకం పెట్టి పైకి పంపేశాను. 2010 మేలో లైలా తుఫాను మన వైపు వస్తోందనగానే ఆ ఫైల్లోని ఫోన్ నంబర్ల జాబితా ముందేసుకుని కూర్చున్నాను. ఓ ఊరి నంబరుకి చేస్తే ఒకావిడ ఎత్తింది. "ఆయన పోయి ఏడాదిన్నర అయింది బాబూ" అంది. ఏమనాలో తోచక "మీరు జాగ్రత్తమ్మా" అని పెట్టేశాను.

అదే సాయంత్రం ఇంకో ఊళ్లో తుఫాను షెల్టర్‌కి తాళం. తాళంచెవి ఉన్నాయన పెళ్లికని ఏలూరు వెళ్లాడు. గునపంతో తాళం పగలగొడితే లోపల సగం గది ఎరువు బస్తాలు. పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు వానలో నిలబడి చూస్తుంటే నేనూ, మా అటెండరూ, నలుగురు కుర్రాళ్లూ బస్తాలు మోశాం. నా ప్రణాళికలో మాత్రం ఆ షెల్టర్ "సిద్ధంగా ఉన్నది".

అందుకని నీ చేతికి ఏ ముసాయిదా వచ్చినా ముందు ఒక వాక్యం కోసం వెతుకు: "సంబంధిత అధికారులు తగు చర్యలు తీసుకోవలెను." అందులో మనిషి లేడు. తాళం ఎవరి దగ్గరుండాలి, ఆయన ఊళ్లో లేకపోతే రెండోది ఎవరి దగ్గర, జనరేటర్‌లో డీజిల్ ఎవరు పోయాలి, ఆ డబ్బు ఏ పద్దులోంచి? ఇవి ఢిల్లీలో రాయలేం, నిజమే. కానీ కింద ప్రణాళిక రాసేవాడు ఇవి నింపితే తప్ప కుదరదని ఢిల్లీ రాయగలదు. చట్టం ప్రకారం జిల్లా ప్రణాళిక ఉండి తీరాలి, కలెక్టరే జిల్లా విపత్తుల నిర్వహణ అథారిటీకి అధ్యక్షుడు. అక్కణ్ణించి కిందికి దిగేకొద్దీ కాయితం పలచబడిపోతుంది.

ఇక గంటల లెక్క. వాతావరణ శాఖ తుఫానుకి 72 గంటల ముందు ఒక మాట, 48 గంటల ముందు ఇంకోటి, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందో అంచనా చెప్తుంది. ఆఫీసులో కూర్చుని చూస్తే బోలెడంత టైమున్నట్టుంటుంది. నువ్వు వెనక్కి లెక్కపెట్టు. తెల్లవారుజామున నాలుగింటికి తీరం దాటుతుందనుకో. గాలి అంతకు చాలా ముందే ముదురుతుంది. చీకటిపడ్డాక ముసలాళ్లని, నిండు చూలాలిని కదిలించలేం. కాబట్టి సాయంత్రం అయిదుకల్లా చివరి మనిషి లోపలుండాలి. వాళ్లకి అన్నం కావాలంటే మధ్యాహ్నమే పొయ్యి వెలగాలి. బస్సులు పొద్దున్న ఎనిమిదికి ఊళ్లో ఉండాలంటే డ్రైవర్లకి ముందురోజే కబురు వెళ్లాలి. అంటే 24 గంటల హెచ్చరిక వచ్చాక మీటింగు పెట్టుకునే వ్యవధి లేదు. ప్రతి తీర గ్రామానికీ ఇలా వెనక్కి లెక్కేసిన పేజీ ఒక్కటి ఉంటే, మిగతా నూట యాభై పేజీలు లేకపోయినా నేనేమీ అనుకోను.

జనం కదలరు. అది మూర్ఖత్వం అనుకోకు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా కాలేజీ కుర్రాళ్లం సాయానికని దివిసీమ వెళ్లాం. సర్కారు లెక్కలోనే పదివేల మంది చనిపోయారు. నా కళ్లలో ఇప్పటికీ ఉన్నది ఓ పాకలో గుంజకి కట్టేసిన పలుపుతోనే పడివున్న రెండు గేదెలు. గేదే వాళ్ల ఆస్తి, దాన్ని వదిలేసి ఎవరొస్తారు? ఇంటికో మగమనిషి కాపలాకని ఉండిపోయేది అందుకే. పశువుల్ని ఏ మెరక మీదికి తోలాలో ముందే చెప్పాలి, అదీ కుదరకపోతే పలుపులు విప్పేయమని చాటింపులోనే అనాలి. షెల్టర్‌లో ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్డి, అందులో నీళ్లు ఉండాలి. అవి లేక రెండోసారి రామన్నవాళ్లని నేనెరుగుదును.

మనుషుల్ని కదిలించడం అసాధ్యమేం కాదు. 1999లో ఒడిశాలో సూపర్ సైక్లోన్‌కి దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు అక్కడే పది లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు యాభై దాటలేదు. ఆ మధ్యలో వాళ్లు దీనికోసమే ఓ సంస్థ పెట్టుకున్నారు, షెల్టర్లు కట్టారు, మాక్‌డ్రిల్లులు చేశారు. మాక్‌డ్రిల్ అంటే ఫొటోలకి కాదమ్మా. చెప్పకుండా ఓ రాత్రివేళ పెట్టించు. బండారం బయటపడుతుంది.

తుఫాను వెళ్లిపోయాక వచ్చే కష్టం వేరు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో మీ వదిన ఇంట్లో ఉన్నాను. కరెంటు లేదు, సెల్ టవర్లు పడిపోయాయి, రోడ్లకి అడ్డంగా చెట్లు. పాల ప్యాకెట్టుకీ పెట్రోలుకీ క్యూలు. అంత పెద్ద నగరంలో పక్క వీధి సంగతి తెలీక టెన్షన్ పడ్డాం. ఫోన్ పనిచేయదనుకునే ప్రణాళిక రాయండి. చెట్లు కోసే మిషన్లు, వైర్‌లెస్ సెట్లు, కరెంటు స్తంభాలు ముందే దగ్గర్లో చేర్చి పెట్టాలి.

అన్నీ తుఫానులే అనుకోవడం మా తీరం వాళ్ల జబ్బు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు. కృష్ణ వైపు చూస్తూ కూర్చున్న ఊళ్లోకి వెనకవైపు వాగు వచ్చిపడింది. 2015 వేసవిలో వడగాల్పులకి ఒక్క ఆంధ్రలోనే వెయ్యి మందికి పైగా పోయారు. ఎండకి సైరన్ ఉండదు, షెల్టర్ ఉండదు, టీవీవాళ్లు గొడుగు పట్టుకుని నిలబడరు.

డబ్బు మాట ఒక్కటి. 15వ ఆర్థిక సంఘం విపత్తుల నిధిలో ఇరవై శాతం ముప్పు తగ్గించే పనులకి విడిగా పెట్టమంది. అది ఎటు పోతోందో అడుగుతూ ఉండు. కాంక్రీటు గోడ అంటే అందరికీ మోజే. మడ చెట్లు నాటితే శిలాఫలకం ఎక్కడ పెట్టాలో తెలీదు కదా మరి! కోరింగ వైపూ, కృష్ణ సముద్రంలో కలిసే చోట్లా మడ అడవి దట్టంగా ఉన్నచోట అల జోరు ఎంత తగ్గుతుందో అక్కడి పల్లెకారుల్ని అడుగు, చెప్తారు.

అక్టోబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే రా. నాగాయలంక దాటి చివరి ఊరిదాకా ఆర్టీసీ బస్సులో వెళ్దాం. ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి గడియారం చూసి రాసుకో. అక్కడి షెల్టర్ తలుపు తట్టి, తాళం ఎవరి దగ్గరుందో కూడా అడుగుదాం.

మీ మామయ్య