ఎనిమిదో హెన్రీ కొడుకు ఆరో ఎడ్వర్డ్ నిజంగా ఇంగ్లండ్ మతాన్ని మార్చాడా, లేక పెద్దల చేతిలో కీలుబొమ్మా?

కీలుబొమ్మ అంటే నేను ఒప్పుకోను. 1547లో 9 ఏళ్లకే గద్దెనెక్కాడు, మొదట్లో మేనమామ సోమర్సెట్ డ్యూక్, ఆర్చిబిషప్ క్రాన్మర్ నడిపించారు, అది నిజమే, ఆ వయసు పిల్లాడు ఏం నడుపుతాడు. కానీ 1551కి వచ్చేసరికి చూడండి, తనకంటే 20 ఏళ్లకు పైగా పెద్దదైన, కాథలిక్ అయిన అక్క మేరీ వెస్ట్‌మిన్‌స్టర్‌కి వస్తే, నీ ఇంట్లో పాత మాస్ (కాథలిక్కుల లాటిన్ ఆరాధన) ఇక కుదరదని ఎదురుగానే తేల్చేశాడు, ఆ సంగతి డైరీలో కూడా రాసుకున్నాడు. మన ఇళ్లలో 13 ఏళ్ల తమ్ముడు అక్కతో అలా మాట్లాడితే వీపు విమానం మోత మోగుతుంది.

అసలు మనవాళ్లకి ఎనిమిదో హెన్రీ, ఆయన ఆరు పెళ్లిళ్లు తప్ప ఇంకేం ఎక్కదు. ఆయన పోపుతో తెంచుకున్నాడంతే, పోయేదాకా లాటిన్ మాస్ నడుస్తూనే ఉంది. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం, ఫాదర్లకు పెళ్లి, రాతి బలిపీఠాలు తీసి చెక్క బల్లలు వేయడం, ఇవన్నీ కొడుకు హయాంలోవే.

నార్‌ఫోక్‌లో బిన్‌హామ్ ప్రియరీ అని పాత మఠం చర్చి ఒకటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు లండన్ ఐ, షాపింగ్ తప్ప వేరే ఏదీ వద్దంటారు కాబట్టి మా ఆవిడా నేనూ మాత్రమే వెళ్లాం. లోపల పాత చెక్క తెర తాలూకు పలకలు మిగిలాయి. వాటి మీద ఒకప్పుడు సెయింట్ల బొమ్మలుండేవి, సంస్కరణల రోజుల్లో తెల్లరంగు పూసేసి, దాని మీద నల్లటి అక్షరాలతో బైబిలు వచనాలు రాశారు. ఇప్పుడా తెలుపు పెచ్చులూడిపోయి, వచనం మధ్యలోంచి ముఖాలు బయటికొస్తున్నాయి. "ఏమండీ, వీళ్లు మనల్నే చూస్తున్నారు" అని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకైతే కోపమొచ్చింది. ఎన్ని ఊళ్లలో బొమ్మలకు చందాలిచ్చిన జనమే మళ్లీ వాటికి సున్నం వేసిన కూలీ కూడా ఇచ్చుకున్నారో! బందరు దగ్గర మా ఊరి చర్చిలో పాత టేకు ప్రసంగ వేదికకి కమిటీవాళ్లు నిగనిగలాడే పెయింటు కొట్టించారు, దానికి ఏ రాజూ ఆజ్ఞ ఇవ్వలేదు, అడిగితే "క్లీన్‌గా ఉంటుంది బాబూ" అన్నారు.

జనం ఊరుకున్నారా అంటే, లేదు. 1549 పెంతెకొస్తు నాడు చర్చిల్లో కొత్త ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం చదివారు, మర్నాడే డెవన్‌లోని సాంప్‌ఫర్డ్ కోర్ట్‌నీ ఊరివాళ్లు ఫాదర్ చేత పాత మాస్ చేయించారు. కొత్త ఆరాధన క్రిస్మస్ ఆటలా ఉందన్నారు తిరుగుబాటుదార్లు. ఎక్సెటర్‌ని ముట్టడించారు, చివరికి వేలమంది చచ్చారు. ఈ మాట చాలామంది దాటేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

అలాగని ఆ పుస్తకాన్ని తిట్టలేను. చిన్నప్పుడు మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో మేం మోకాళ్ల మీద చెప్పిన పాపపు ఒప్పుకోలు, చేయవలసినవి చేయలేదు, చేయకూడనివి చేశాం అనేది, మొదట చేరింది 1552 కూర్పులోనే. ఎడ్వర్డ్ తర్వాత మేరీ రాణిగా వచ్చి అన్నీ తుడిచేసినా, 1559లో ఆమె తర్వాతి రాణి ఎలిజబెత్ కొద్ది మార్పులతో దాన్నే తిరిగి తెచ్చింది.

ఇంకా కీలుబొమ్మే అంటారా? 1553లో, 15 ఏళ్లకే చావు దగ్గరపడిన కుర్రాడు, మేరీకి రాజ్యం దక్కకూడదని తన బంధువు జేన్ గ్రే పేరుతో వారసత్వం తన చేత్తోనే రాసి, మళ్లీ తన చేత్తోనే దిద్దాడు. ఆ కాగితం లండన్‌లో ఇన్నర్ టెంపుల్ లైబ్రరీలో ఉంది, ఆ కొట్టివేతలు చూశాక వాదించండి.