మూడేళ్లు ఇన్‌హేలర్ వాడా.. తీరా చూస్తే గుండెలో రంధ్రమట!

ప్రశ్న: నా వయసు 36. మాది ఆదోని, జిన్నింగ్ మిల్లులో పని. మూడేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం, దడ. పత్తి దుమ్ముకు ఆస్తమా వచ్చిందని ఇన్‌హేలర్ ఇచ్చారు, తగ్గలేదు. మొన్న కర్నూలులో ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండెలో పుట్టుకతోనే 18 మి.మీ. రంధ్రం ఉంది, ఏఎస్‌డీ అన్నారు. పుట్టుకతో ఉన్నది ఇద్దరు పిల్లలు పుట్టాక బయటపడటమేంటి? ఆపరేషన్ తప్పదా?

జవాబు: ఏఎస్‌డీ తీరే అంతమ్మా. గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉండి, ఎడమ నుంచి కుడికి రక్తం కారుతూ ఉంటుంది. చిన్నప్పుడు ఒళ్లు నీలంగా మారదు, స్టెత్‌కు వినిపించే శబ్దం కూడా మెత్తగా ఉంటుంది కాబట్టి రద్దీ ఓపీలో ఎవరికీ పట్టుబడదు. వయసు పెరిగేకొద్దీ ఎడమవైపు గుండె కాస్త బిరుసెక్కి రక్తం ఇంకా ఎక్కువగా కుడివైపుకు మళ్లుతుంది, అప్పుడు మొదలవుతుంది ఆయాసం. ఇలా ఆలస్యంగా బయటపడేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

దుమ్మును అనుమానించడం తప్పేం కాదు. పత్తి దుమ్ము జబ్బు నిజంగానే ఉంది, కాకపోతే అందులో వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ ఎక్కువగా పట్టేస్తుంది. మూడేళ్లు ఇన్‌హేలర్ పనిచేయనప్పుడు ఎకో ఎప్పుడో తీయాల్సింది. ఇన్‌హేలర్ మీ అంతట మీరు ఆపకండి, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకున్నాక అది అవసరమో కాదో తేలుతుంది.

ఇక ఆపరేషన్ సంగతి. కుడి గదులు సాగాయా, ఊపిరితిత్తుల్లో బీపీ ఎంత అన్నవి రంధ్రం సైజు కంటే ముఖ్యం, రిపోర్టులో అవి చూడండి. గదులు సాగి, బీపీ మరీ పెరగకపోతే మూసేయడమే మంచిది. రంధ్రం గోడ మధ్యలో ఉండి చుట్టూ అంచులు బాగుంటే ఛాతీ కోయక్కర్లేదు, తొడ దగ్గరి సిర గుండా డివైస్ పంపి మూసేస్తారు, తర్వాత కొన్ని నెలలు ఆస్పిరిన్ లాంటి మాత్రలు. అంచులు లేకపోతే మాత్రం సర్జరీయే. ఏది కుదురుతుందో గొంతులోంచి ట్యూబు దించి తీసే ఎకోలో స్పష్టంగా తెలుస్తుంది. ఏళ్లతరబడి వదిలేస్తే కొందరిలో ఊపిరితిత్తుల్లో బీపీ బాగా పెరిగి రక్తం కుడి నుంచి ఎడమకు ఎదురు తిరుగుతుంది, అప్పుడు మూస్తే ప్రాణానికే ముప్పు, అందుకే వాయిదా వేయొద్దంటున్నా.

ఇది తేలేదాకా మళ్లీ గర్భం వద్దు. దడ వచ్చినప్పుడే వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఖర్చు గురించి టెన్షన్ పడేముందు ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మనం ఆరోగ్యశ్రీ అనేది, వస్తుందేమో ఆస్పత్రి డెస్కులో అడగండి. పిల్లలిద్దరికీ ఒకసారి ఛాతీ మీద నుంచి తీసే మామూలు ఎకో తీయించండి, సూది గుచ్చేది కూడా ఉండదు.