అయాన్ ఛానెళ్ల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉంది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి జబ్బులకు అయాన్ ఛానెళ్ల (కణం పొరలో సోడియం, కాల్షియం లాంటి అయాన్లు రాకపోకలు సాగించే ప్రోటీన్ తలుపులు) ద్వారా మందులు కనుక్కునే పరిశోధన చేస్తానంటోంది. దానికన్నా ఏఐ డ్రగ్ డిజైన్ కోర్సు మేలని అందరూ చెబుతున్నారు. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: అందరూ అంటే ఎవరండీ? ఉత్తరం మొత్తంలో అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క మాట లేదు. ఐదారేళ్లు ల్యాబ్‌లో గడిపి ఖాళీ చేతులతో వస్తుందేమోనన్న టెన్షనే కనిపిస్తోంది.

ఈ రంగంలో ఓటములు ఎక్కువే, దాచను. మెదడులోని ఎన్‌ఎండీఏ అనే ఛానెల్‌ను అడ్డుకునే మెమాంటిన్ అనే మందుకు అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. లక్షణాలు కాస్త తగ్గుతాయి, అల్జీమర్స్ ఆగదు. కాల్షియం ఛానెళ్లను అడ్డుకునే బీపీ మందు ఇస్రాడిపిన్‌ను 336 మంది పార్కిన్సన్స్ రోగులతో మూడేళ్లు పరీక్షించారు, ఫలితం లేదు. అవే ఛానెళ్లు గుండెలో, రక్తనాళాల్లో కూడా ఉంటాయి కాబట్టి డోసు ఇష్టమొచ్చినట్టు పెంచలేరు. పైగా లక్షణాలు బయటపడేసరికే చాలా నాడీకణాలు పోయి ఉంటాయి.

అయినా భయపడకండి. మందు ఓడిపోయినా నేర్చుకున్న పని చేతిలోనే ఉంటుంది. కొత్త మందు ఏదైనా గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ఛానెల్‌ను దెబ్బతీస్తుందా అని ఫార్మా కంపెనీలు ముందే చూసుకోవాలి. అక్కడ ప్యాచ్ క్లాంప్ (ఛానెల్ గుండా వెళ్లే కరెంటును కణం మీద కొలిచే పద్ధతి) తెలిసినవాళ్లు కావాలి. మూర్ఛ, నొప్పి మందుల్లోనూ ఇదే పని. సోడియం ఛానెల్ మీద పనిచేసే నొప్పి మందు సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలోనే అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక ఏఐ. నాకు అనుమానం ఏఐ మీద కాదు, కొన్ని నెలల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీద. ఛానెల్ మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే నిర్మాణం చాలాసార్లు అందులో ఒక్క భంగిమే. మందు తెరిచి ఉన్నప్పుడు అతుక్కుంటుందా, మూసి ఉన్నప్పుడా అన్నది కణం మీద కొలిచి చూడాల్సిందే. కొలవడం తెలియని మనిషి, సాఫ్ట్‌వేర్ తప్పు చెబితే ఎలా పట్టుకుంటాడు? పీహెచ్‌డీ చేస్తూనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి, చాలు.

సబ్జెక్టు కన్నా ల్యాబ్ ముఖ్యం. గైడ్ దగ్గర చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ప్యాచ్ క్లాంప్ రిగ్ (పరికరాల సెట్) నిజంగా నడుస్తోందా, ఫెలోషిప్ ఎన్నేళ్లు వస్తుంది అని చేరకముందే ఫోన్ చేసి అడగాలి. ఫెలోషిప్ లేకపోతే టాపిక్ ఎంత గొప్పదైనా వద్దంటాను. ఆ ఫోన్ మాత్రం అమ్మాయినే చేయనివ్వండి.