మూడు మాటలూ నిజమే, మరి వాదం ఎందుకు చెల్లదు?

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. డిస్క్రీట్ మ్యాథ్స్ ఇంటర్నల్‌లో ఈ వాదం ఇచ్చి వ్యాలిడ్ అవునా కాదా అని అడిగారు: ‘బుడమేరు గట్టుకు గండి పడితే సింగ్ నగర్‌లోకి నీళ్లొస్తాయి. సింగ్ నగర్‌లోకి నీళ్లొచ్చాయి. కాబట్టి గండి పడింది.’ మాది సింగ్ నగరే. 2024 సెప్టెంబరులో ఇవన్నీ జరిగాయి కదా అని ‘వ్యాలిడ్’ అని రాశాను. మార్కులు వేయలేదు. ఎందుకు?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: అమ్మా, నువ్వు చెప్పినవన్నీ నిజమే. ఆ సెప్టెంబరులో బుడమేరు గట్టుకు గండ్లు పడ్డాయి, మీ కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. కానీ నిన్ను అడిగింది ఏం జరిగిందని కాదు. మొదటి రెండు మాటలు ఒప్పుకున్నవాళ్లు మూడోది కూడా ఒప్పుకుని తీరాలా అని.

సత్యపట్టిక వేసి చూద్దాం, అంటే ఏది నిజం, ఏది అబద్ధం కావచ్చో అన్ని రకాలూ వరసలుగా రాద్దాం. గండి, నీళ్లు అని రెండే విషయాలు కాబట్టి నాలుగు వరసలు. గండి పడి నీళ్లు కూడా వస్తే అన్నీ నిజం. నువ్వు చూసింది ఈ వరసే, చూసి అక్కడే ఆగిపోయావు. గండి పడినా నీళ్లు రాకపోతే మొదటి మాటే అబద్ధం. రెండూ జరగకపోతే రెండో మాట అబద్ధం. ఈ రెండు వరసలతో మనకు పని లేదు. మిగిలింది, గండి పడకుండానే నీళ్లొచ్చిన వరస. అక్కడ మొదటి మాట అబద్ధమైందా? కాలేదు. ‘ఇలా అయితే అలా అవుతుంది’ అనే వాక్యం అబద్ధమయ్యేది మొదటి సగం జరిగి రెండో సగం జరగనప్పుడే. రెండో మాట కూడా నిజమే. ముగింపు మాత్రం అబద్ధం. ఇలాంటి వరస ఒక్కటి దొరికితే చాలు, వాదం చెల్లదు. వానకు డ్రైన్లు పొంగితే గండి లేకుండానే వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని మీ కాలనీవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అదే మొదటి మాటకు ‘నీళ్లు రాలేదు, కాబట్టి గండి పడలేదు’ అని జోడిస్తే చెల్లుతుంది. ఆధారాలు (ముగింపుకు ముందున్న మాటలు) రెండూ నిజమయ్యే వరస ఒక్కటే ఉంది, అందులో ముగింపు కూడా నిజమే. ‘గండి పడలేదు, కాబట్టి నీళ్లు రావు’ అంటే మాత్రం మళ్లీ చెల్లదు. దాన్ని పడగొట్టేది కూడా ఇందాకటి వరసే. నాకు అన్నిటికన్నా పట్టింపు దీని మీదే. గండి వార్త రాలేదు కదా అని కింది పోర్షన్‌లో ఫ్రిజ్, బియ్యం బస్తా అలాగే వదిలేసి పడుకునేవాళ్లు చేసే పొరపాటు ఇది.

నిప్పు లేనిదే పొగ రాదంటాం. దాన్నిబట్టి పొగ చూసి నిప్పు ఉందని చెప్పొచ్చు. నిప్పు చూసి పొగ ఉందని చెప్పకూడదు. మన న్యాయ దర్శనంలో, అంటే పాత తర్కశాస్త్రంలో, దీనికి ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. అందులో నిప్పుంది, పొగ లేదు.

ప్రశ్న: ఆరు ప్రవచనాలుంటే (నిజమో అబద్ధమో అయ్యే మాటలు) పట్టికకు 64 వరసలవుతున్నాయి. పరీక్షలో టైమ్ చాలదని టెన్షన్. దగ్గరి దారి ఉందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉంది. వెనక నుంచి రండి. ముగింపు అబద్ధం, ఆధారాలన్నీ నిజం అనుకుని మొదలుపెట్టండి. మీ ఊరి మిర్చి యార్డు లెక్కే చూద్దాం: ‘యార్డుకు సెలవైతే వేలం జరగదు. వేలం జరగకపోతే టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీకెక్కవు. టిక్కీలు లారీకెక్కాయి. కాబట్టి యార్డుకు సెలవు కాదు.’ ముగింపు అబద్ధమనుకుంటే సెలవే. సెలవైతే వేలం లేదు, వేలం లేకపోతే టిక్కీలు ఎక్కవు. కానీ ఎక్కాయని ఆధారం చెబుతోంది. అనుకున్నది పొసగలేదు కాబట్టి వాదం చెల్లుతుంది. ఎనిమిది వరసల పని నాలుగు ముక్కల్లో అయిపోయింది. పొసిగి ఉంటే, చెల్లదని చూపించే వరస మీ చేతికొచ్చినట్టే.

ఒకచోట జాగ్రత్త. ముగింపు ‘ఇదీ, అదీ’ అని ఉంటే అది మూడు రకాలుగా అబద్ధం కావచ్చు. ఒక రకం పొసగలేదని చెల్లుతుందని రాసేయకండి, మూడూ చూడాలి. వాదం ఎంత పెద్దదైనా ప్రతిసారీ త్వరగా తేల్చేసే పద్ధతి ఒకటి ఉందా లేదా అన్నది కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పటికీ తేలని ప్రశ్న.

ప్రశ్న: ఈ పట్టిక ఎవరు కనిపెట్టారు?
– మరో పాఠకురాలు, గుంటూరు

జవాబు: తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్, గణితవేత్త ఎమిల్ పోస్ట్ ఇద్దరూ విడివిడిగా 1921లో ప్రచురించారు. ‘అయితే’ వాక్యం ఎప్పుడు అబద్ధమవుతుందో పైన చెప్పిన నియమం అంతకన్నా చాలా పాతది. క్రీస్తుకు పూర్వమే గ్రీకు తార్కికుడు ఫిలో అదే చెప్పాడు.